అంటించాల్సిన ఫోటోని వదిలేస్తున్నాం, వదిలేయాల్సినదాన్ని అంటిస్తున్నాం

30×40 అంగుళాల గ్లాసీ (మెరిసే కాగితం మీది) ప్రింటుని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని పటాలు కట్టే షాపుకి వెళ్తే అక్కడ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ డిజైన్ సార్?" గోడ నిండా మేకులకి తగిలించిన మూల ముక్కలు చూపిస్తారు. బంగారు రంగుది, టేకు రంగుది, నల్లది, పూలు చెక్కినది, చెక్కనిది. మనమూ అరగంట సేపు దాని మీదే తర్జనభర్జన పడతాం, ఇంట్లోవాళ్ళకి వాట్సాప్‌లో పంపి మరీ. లోపల ఫోటోని దేనికి అంటిస్తారు, అసలు అంటిస్తారా, అద్దానికి ఆనుతుందా అని మనం అడగం, వాళ్ళు చెప్పరు. ఆ ఫోటో పదికాలాలు ఉంటుందా, రెండు వానాకాలాలకే పోతుందా అన్నది తేలేది మాత్రం అక్కడే.

ఈమధ్య ఒక షాపులో నా వంతు కోసం స్టూలు మీద కూర్చుని ఉండగా బల్ల మీద రెండు పనులు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి కొత్త పెళ్ళి ఫోటో. ల్యాబ్ నుంచి వచ్చి వారం కూడా అయి ఉండదు, తలంబ్రాల సీను, హాల్లో ఒక గోడంతా దానికే వదిలెయ్యాల్సినంత సైజు. దాన్ని అద్దానికీ హార్డ్‌బోర్డుకీ మధ్య ఊరికే పెట్టి వెనక మేకులు కొట్టేస్తున్నారు. రెండోది నలుపు తెలుపు ఫోటో, పాతకాలం స్టూడియోది, కింద మూలలో స్టూడియో పేరు ఉబ్బెత్తుగా అచ్చుపడిన దళసరి అట్టతో సహా. కుర్రాడొకడు ఆ అట్ట అంచుల్ని కట్టర్‌తో కోసేశాడు. ఇక దాన్ని ఎండీఎఫ్ (చెక్కపొట్టుతో చేసిన) బోర్డు మీద తెల్ల జిగురుతో అంటించి, పైన లామినేషన్ చేస్తారట. ఆ ఫోటో తెచ్చిన పెద్దావిడ నా పక్కనే కూర్చుంది. "ఇంకో కాపీ ఉందా అమ్మా?" అని అడిగాను. "ఎక్కడిది బాబూ, ఆయనకి ఫోటో దిగడమంటేనే చిరాకు. ఇదొక్కటే."

ఇది ఆ ఒక్క షాపు తంతు కాదు, నేను చూసిన చాలా చోట్ల ఇలాగే ఉంది. కావాలంటే రేపే మళ్ళీ వేయించుకోగల ఫోటోని అంటించకుండా విడిగా వదిలేస్తున్నాం. జాగ్రత్త కొద్దీ కాదు, బద్ధకం కొద్దీ. ఎక్కడా రెండో కాపీ లేనిదాన్ని మాత్రం ఇక ఎవరూ ఊడదీయలేనట్టు బోర్డుకి బిగించేస్తున్నాం. సరిగ్గా తలకిందులు. నా వాదన ఇదీ: ఫ్రేమ్ కట్టించే ముందు తేల్చుకోవాల్సింది డిజైన్ కాదు, దీన్ని మళ్ళీ ప్రింటు వేయించుకోగలమా లేదా అన్నది. వేయించుకోగలిగితే సంకోచం లేకుండా అంటించెయ్యండి, పెద్ద గ్లాసీ ప్రింటుకి అసలు అదే మంచిది. వేయించుకోలేకపోతే దానికి ఒక్క చుక్క జిగురు కూడా తగలనివ్వకండి. రెండిటికీ ఉమ్మడిగా వర్తించేది ఒకటుంది, ముందు దాని సంగతి చూద్దాం.

అద్దం వెనక తడి మచ్చలు

కాకినాడలో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి ఒక ఫోటో పంపించి, "ఒరేయ్, ఫ్రేములోకి నీళ్ళు వెళ్ళినట్టున్నాయిరా, విప్పి ఆరబెట్టమంటావా?" అన్నాడు. చూస్తే వాళ్ళ అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటో, పెద్ద గ్లాసీ ప్రింటు. పెద్దనాన్న భుజం దగ్గర, పెద్దమ్మ చీర కుచ్చిళ్ళ దగ్గర తడిసినట్టు నల్లగా మెరిసే మచ్చలు, వాటి అంచులు దేశాల పటంలా వంకరటింకరగా. నీళ్ళేమీ వెళ్ళలేదు. ఫోటో అద్దానికి అతుక్కుపోయింది.

మినీల్యాబులోనో పెద్ద ల్యాబులోనో కడిగి తీసే ఫోటో మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. జెలటిన్ అంటే పశువుల ఎముకలూ తోళ్ళ నుంచి తీసే పదార్థం, ఒకరకంగా అదే జిగురు. గాలిలో తేమ పెరిగే కొద్దీ అది నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. కాకినాడలోనో విశాఖలోనో ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడకి అంటిపెట్టుకుని ఉన్న ఫ్రేములో ఆ తేమకి లోటేం ఉంటుంది? మెత్తబడ్డ జెలటిన్‌కి నున్నటి అద్దం ఒత్తుకుని ఉంటే రెండిటి మధ్యా గాలి కూడా మిగలదు. మ్యాట్ ప్రింటు పైభాగం గరుకు కాబట్టి అద్దాన్ని ఎక్కడో కొన్నిచోట్లే తాకుతుంది. గ్లాసీ అయితే తాకిన చోటల్లా పూర్తిగా పరుచుకుని అంటుకుంటుంది. దాని అందమే దాని కొంప ముంచుతుంది.

పాత స్టూడియోల్లో పనిచేసినవాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయమే. అప్పటి కాగితానికి మెరుపు దానంతటది వచ్చేది కాదు. కడిగిన ప్రింటుని తడిగా ఉండగానే, క్రోమియం పూత పూసి అద్దంలా మెరిసే రేకు మీద బోర్లించి, రోలరుతో నీళ్ళన్నీ బయటికి నొక్కి, వేడి తగిలేట్టు పెట్టేవాళ్ళు. గ్లేజింగ్ అనేవారు. జెలటిన్ ఆ రేకు నునుపుని అచ్చంగా పట్టుకుని, ఆరాక చిటపటమంటూ దానంతటదే ఊడి వచ్చేది. రేకు శుభ్రంగా లేకపోతే ఊడేది కాదు, ప్రింటు పోయేది. మన ఫ్రేములో జరుగుతున్నదీ ఆ గ్లేజింగే, కాకపోతే రేకు బదులు అద్దం, ఊడి రావడం ఉండదు. 1970ల నుంచి ప్లాస్టిక్ పూత కాగితాలు వచ్చాక ఫోటోకి మెరుపు పుట్టుకతోనే వస్తోంది, గ్లేజర్లు అటకెక్కాయి, వాటితోపాటు ఈ జ్ఞానమూ అటకెక్కినట్టుంది.

అన్నయ్యకి చెప్పింది ఒకటే, లాగొద్దని. లాగితే కాగితం ఇటూ, మొహం అటూ వస్తాయి. ఫ్రేములోంచి అద్దంతో సహా తీసి, అద్దాన్ని బాగా తుడిచి, అద్దం మీంచే స్కాన్ చేయించమన్నాను. అంటుకున్న చోటా అంటుకోని చోటా మెరుపు తేడా కనిపిస్తుంది, దాన్ని కంప్యూటర్లో సరిచేసుకోవచ్చు. వాళ్ళ ఫోటోగ్రాఫర్ దగ్గర ఫైలు ఇంకా ఉంది కాబట్టి వాడు బతికిపోయాడు.

నివారణ చవక. ఫోటోకీ అద్దానికీ మధ్య గాలి ఆడే సందు ఉండాలి, అంతే. చుట్టూ కిటికీలా కోసిన మౌంట్ బోర్డు (దళసరి అట్ట) పెడితే మిల్లీమీటరున్నర సందు వస్తుంది, చిన్న ఫోటోకి అది చాలు. 30×40కి చాలదు, అంత పెద్ద కాగితం నడిమధ్యలో ముందుకి పొంగి మళ్ళీ అద్దాన్ని ముద్దుపెట్టుకుంటుంది. అలాంటిదానికి రెండు బోర్డులు ఒకదాని మీద ఒకటి వెయ్యాలి, లేదా ఫ్రేము లోపలి అంచు వెంట అద్దానికీ ఫోటోకీ మధ్య సన్నటి చెక్క బద్దో ప్లాస్టిక్ బద్దో పెట్టాలి. పాత స్టూడియోవాళ్ళు ఫోటోకి కిటికీ అట్ట, పైన పల్చటి బటర్ పేపరు ఊరికే ఇవ్వలేదు. ఆ పెద్దావిడ ఫోటో అన్నాళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నది ఆ కుర్రాడు కోసి పారేసిన అట్ట పుణ్యమే.

గ్లాసీ ఏదీ దాచదు

ఇక కొత్త ఫోటో సంగతి. "జిగురు వద్దంటూనే అంటించమంటావేంటి?" అనొచ్చు. పెద్ద ప్రింటుని ఊరికే వదిలేస్తే ఏమవుతుందో చూసినవాళ్ళు అలా అనరు. ల్యాబ్ నుంచి వచ్చేది రోల్ కాగితం, చుట్టుకుపోవడం దాని జన్మహక్కు. పైనా కిందా ప్లాస్టిక్ పూత ఉన్నా మధ్యలో ఉన్నది కాగితమే, అంచుల నుంచి తేమ పీలుస్తుంది, సాగుతుంది. నాలుగు వైపులా ఫ్రేము నొక్కి పట్టుకున్నప్పుడు ఆ సాగింది ఎటు పోవాలి? అప్పడంలా అక్కడక్కడా లేస్తుంది. మ్యాట్ ప్రింటు మీద ఆ అలలు పెద్దగా తెలియవు. గ్లాసీ మీద మాత్రం ఎదురుగోడ మీది ట్యూబులైటు పెళ్ళికూతురి మొహం మీదుగా పాములా మెలికలు తిరుగుతుంది. నాలుగు అంచులకీ టేపు వేసి బిగిస్తే ఇంకా అధ్వాన్నం.

అందుకే గట్టి బోర్డుకి పూర్తిగా అంటించాలి. అంటించడంలో కూడా గ్లాసీ చాలా పేచీ పెడుతుంది. తెల్ల జిగురు దీనికి పనికిరాదు, వెనక ఉన్నది ప్లాస్టిక్ పూత, తడి పోయే దారి లేక అది సరిగా ఆరదు. వేడి ప్రెస్సులో పెట్టి అంటించే పద్ధతిలో, కింది బోర్డు గరుకుతనమంతా పైకి తేలి ప్రింటు మీద నారింజ తొక్కలాంటి గుంటలు కనిపిస్తాయి. మిగిలింది చల్లటి పద్ధతి, ఆల్బమ్‌వాళ్ళు వాడే డబుల్ గమ్ (రెండు వైపులా జిగురున్న) షీటు లాంటిది, రోలర్ మెషిన్‌లోంచి పంపించి.

ఒక మంచి పనివాడు ఇది చేస్తుంటే దగ్గరుండి చూడండి. ఏసీపీ షీటుని (ప్రింటు అంటించే గట్టి పలక, దాని సంగతి తర్వాత పేరాలో) ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని ముందు కంటితో చూస్తాడు, తర్వాత అరచేత్తో నిమురుతాడు. కంటికి కనపడని ఇసుక రేణువు అరచేతికి తెలుస్తుంది. తగిలిన చోట బ్లేడుని పడుకోబెట్టి గీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ నిమురుతాడు. ఫ్యాన్ కట్టేస్తాడు (ఏప్రిల్లో అయినా సరే). గమ్ షీటు వెనక కాగితాన్ని ఒక అంచున రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే ఒలిచి, ప్రింటు అంచుని దాని మీద వాల్చి, మధ్యలోంచి పక్కలకి ఒత్తుతాడు. అక్కడ ఒక్క వెంట్రుక వాసి వంకరపోయినా నలభై అంగుళాలు వెళ్ళేసరికి కంటికి కనిపించేంత పక్కకి పోతుంది, వెనక్కి తీసే అవకాశం లేదు. తర్వాత ఒకడు ప్రింటు రెండో కొసని గాల్లో ఎత్తి పట్టుకుంటే ఇంకొకడు మెషిన్ తిప్పుతూ వెనక కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగుతాడు. ఎత్తి పట్టుకున్నవాడు ఏమరపాటున వేళ్ళు బిగిస్తే ప్రింటు మీద గోటి ఆకారంలో చంద్రవంక మడత పడుతుంది, ఆ మడత ఇక ఈ జన్మకి పోదు. అంతా అయ్యాక లైటు కిందకి తెచ్చి ఫోటోని చూడడు, ఫోటోలో కనిపించే లైటుని చూస్తాడు. ఆ గీత తిన్నగా ఉంటే పని బాగా కుదిరినట్టు, ఎక్కడైనా చిట్లితే కింద దుమ్ము ఉన్నట్టు.

దేని మీద అంటించాలన్నదాంట్లో పెద్ద చర్చ లేదు. ఎండీఎఫ్ చవక, కానీ తేమ గోడ మీద ఉబ్బుతుంది, బరువు కూడా. సన్‌బోర్డు నురుగులాంటి ప్లాస్టిక్, తేలిక, కానీ పెద్ద సైజులో వంగుతుంది, వేలు గట్టిగా నొక్కితే సొట్టపడుతుంది. దుకాణాల బోర్డులకి వాడే ఏసీపీ, అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్, మూడు మిల్లీమీటర్లది, ఈ పనికి కరెక్టుగా సరిపోతుంది. తేమ పీల్చదు, వంగదు. ఫోటో ఫ్రేము షాపుల్లో లేకపోతే పక్క వీధిలో సైన్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది.

43 లక్షల డాలర్ల ఫోటో కూడా అంటించిందే

అంటించడం అంటే తక్కువరకం పని అనుకునేవాళ్ళకి ఒక మాట. ఆండ్రియాస్ గుర్స్కీ అనే జర్మన్ ఫోటోగ్రాఫర్ 1999లో చేసిన 'రైన్ 2' అనే ఫోటో 2011 నవంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో దాదాపు 43 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. అప్పటికి వేలంలో ఏ ఫోటోకీ అంత ధర పలకలేదు. మూడున్నర మీటర్ల పైచిలుకు వెడల్పు. దాన్ని బోర్డుకి కాదు, బొమ్మ ఉన్న వైపునే నేరుగా అక్రిలిక్ (అద్దంలా కనిపించే ప్లాస్టిక్) షీటుకి అంటించారు. డయాసెక్ అంటారు ఆ పద్ధతిని, హైన్జ్ సొవిల్లా బ్రూలార్ట్ అనే స్విట్జర్లాండ్ ఆయన 1969లో పేటెంట్ తీసుకున్నాడు. ప్రింటుకీ అక్రిలిక్‌కీ మధ్య సిలికోన్, గాలి అన్నదే లేకుండా. 1980ల నుంచి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ ఫోటోగ్రాఫర్లు, గుర్స్కీ, తోమాస్ రూఫ్ లాంటివాళ్ళు, మనుషులకంటే పెద్ద ఫోటోలు గోడకెక్కించగలిగారంటే దాని పాత్ర చిన్నది కాదు.

అద్దానికి ఆననివ్వొద్దని పైన అంత చెప్పి ఇప్పుడు ఇదేంటంటే, సగం సగం అంటుకోవడం వేరు, పూర్తిగా అంటించడం వేరు. మామూలు అద్దం ఒక్కో ముఖం నుంచి నూటికి నాలుగు వంతుల వెలుతురు వెనక్కి కొడుతుంది. గ్లాసీ ప్రింటు, దాని ముందు అద్దం అంటే మెరిసే ముఖాలు మూడు: అద్దం ముందు, అద్దం వెనక, ప్రింటు. మధ్యలో గాలి తీసేసి అంటించేస్తే వెనక రెండూ దాదాపు మాయమై ఒక్కటే మిగులుతుంది. అందుకే ఆ నలుపు అంత చిక్కగా, రంగులు నీళ్ళలోంచి చూసినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు మన దగ్గర ఆన్‌లైన్‌లో 'అక్రిలిక్ ఫోటో' అని అమ్ముతున్నవాటిలో కొన్ని ఈ కోవకి చెందినవే, నాణ్యత మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

కానీ అక్రిలిక్ మీద గీత పడితే అది ఫోటో మీద పడ్డట్టే, విడదీసి షీటు మార్చడం కుదరదు. అందుకే ఇలాంటివి దెబ్బతిన్నప్పుడు కొత్త ప్రింటు వేసి మార్చడం సబబేనా, మార్చాక పాతదాన్ని ఏం చెయ్యాలి అని మ్యూజియంలవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదనకి ఆస్కారం ఉన్నదే మళ్ళీ ప్రింటు వెయ్యగలరు కాబట్టి. ఫైలో నెగెటివో ఉన్నవాడు ధైర్యంగా అంటించుకోగలడు.

అంత దూరం ఎందుకు, మన సికింద్రాబాద్‌లోనే స్టూడియో పెట్టి ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో ఫోటో అంటేనే అంటించినది. అప్పటివి ఎక్కువగా అల్బుమెన్ ప్రింట్లు, అంటే పల్చటి కాగితం మీద కోడిగుడ్డు తెల్లసొన పూత, 1850లో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి. ఆ మెరుపు సొనదే. కాగితం ఎంత పల్చనంటే అట్టకి అంటించకపోతే చుట్టుకుపోతుంది, కాబట్టి ప్రతిదీ అట్టకెక్కాల్సిందే. నా సిద్ధాంతానికి ఇది ఎదురుదెబ్బే, ఒప్పుకోవాలి: అంటించకపోతే ఆ ఫోటోలు అసలు మనదాకా వచ్చేవే కావేమో. అయితే ఆ కాలంలో వాడిన నాసిరకం అట్టల్లోని ఆమ్లం వల్ల ఎన్నో అల్బుమెన్ ప్రింట్లు పసుపు తిరిగి పాలిపోయాయి, అట్ట పెళుసెక్కి విరిగితే ఫోటో కూడా దాంతోపాటే విరిగింది. దీన్‌దయాళ్ విషయంలో మనకి కలిసొచ్చింది, ఆయన గాజు నెగెటివులు 2,800కి పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉండటం. వాటి నుంచి ఇప్పుడూ ప్రింట్లు తీసి ప్రదర్శనలు పెడుతున్నారు. మన తాతగారి ఫోటో తీసిన స్టూడియో నెగెటివులు మనకెవరు దాచిపెట్టారు?

"కాపీకి బొట్టు పెడతామా?"

ఆ షాపులో పెద్దావిడతో నేను చెప్పింది కూడా ఇదే. ముందు ఇది స్కాన్ చేయించండమ్మా, పెద్దగా ప్రింటు వేయించి దాన్ని అంటించుకోండి, అసలుది బీరువాలో దాచుకోండి అని. ఆవిడ ఇచ్చిన జవాబు ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంది. "కాపీకి బొట్టు పెడతామా బాబూ? ఈ కాయితం ఆయన చేత్తో పట్టుకున్నది."

దీనికి ఎదురు చెప్పడం తేలిక కాదు. స్కానులో మొహం వస్తుంది, ఆయన చేత్తో పట్టుకున్న కాగితం రాదు. గోడ మీద కాపీ, బీరువాలో అసలు అన్న నా ఏర్పాటు మ్యూజియంవాళ్ళకి బాగుంటుంది కానీ, రోజూ పొద్దున్నే దీపం పెట్టి ఆయన మొహం చూసి కాఫీ తాగే మనిషికి అది దొంగచాటు వ్యవహారంలా అనిపిస్తే తప్పేముంది? అదీగాక మన ఇళ్ళల్లో ఫోటో ఊరికే చూసే వస్తువు కాదు. బొట్టు పెడతాం, దండ వేస్తాం, అగరుబత్తి పొగ పడుతుంది. తాజా పూలదండ నీళ్ళోడుతూ ఉంటే ఆ నీళ్ళు అద్దం మీంచి జారి కింది గాడిలో నిలబడి ఫోటో కింది అంచుని నానబెడతాయి. అద్దం లేని లామినేషన్ ఫోటోకి కుంకుమ పెడితే ఆ ఎరుపు ఫిల్ము గరుకులోకి ఇంకిపోతుంది, తుడిస్తే నుదురంతా పులుముకుంటుంది. అంటే లామినేషన్ ఆవిడ అవసరానికి కూడా సరైనది కాదు.

కాబట్టి నా జవాబు కాస్త మార్చుకున్నాను. అసలు ఫోటోనే గోడకెక్కించండి, కానీ ఎప్పుడైనా చెక్కుచెదరకుండా బయటికి తీయగలిగేట్టు. ఫోటో నాలుగు మూలలకీ కాగితంతో మడిచిన త్రికోణాలు, పాత ఆల్బముల్లో ఉండేలాంటివి, వాటిని మాత్రమే మంచి మౌంట్ బోర్డుకి అంటించాలి. జిగురు తగిలేది త్రికోణాలకి, ఫోటోకి కాదు. పైన కిటికీ అట్ట, దానిపైన అద్దం, వెనక ఇంకో బోర్డు, తర్వాతే హార్డ్‌బోర్డు. బొట్టు అద్దానికి పెట్టుకోండి, దండ ప్లాస్టిక్‌దో గంధపు చెక్కదో వెయ్యండి, పూలయితే ఫ్రేముకి తగలకుండా పైన వేరే మేకుకి. ఆవిడ ఇదంతా శ్రద్ధగా విని కొడుక్కి ఫోన్ చేసింది. "వాళ్ళు ఎలా చేస్తే అలా చెయ్యనీ అమ్మా, తొందరగా ఇంటికొచ్చెయ్" అన్నాడట. షాపతను నా వంక ఒక చూపు చూశాడు. నేను చెయ్యగలిగిందల్లా జిగురు పూసేలోపు ఆవిడ ఫోనుతో ఆ ఫోటోని కిటికీ వెలుతుర్లో పెట్టి వీలైనంత నిటారుగా తీసిపెట్టడం.

షాపతన్ని విలన్‌ని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆవిడ వెళ్ళాక ఆయన చెప్పింది వినండి: "సార్, మూలలు పెట్టి వదిలేస్తే వానాకాలం ఫోటో కొంచెం వంగుతుంది. వంగితే మళ్ళీ నా దగ్గరికే వస్తారు, పని రాదురా నీకు అంటారు. అంటించేస్తే పదేళ్ళు ఫ్లాటుగా ఉంటుంది. పదేళ్ళ తర్వాత నన్నెవరు అడుగుతారు?" నిజమే. కొనేవాడు ఫ్లాటుగా ఉండాలనే అడుగుతాడు. చిన్నదైనా పెద్దదైనా అంటించని ఫోటో కొంచెం ఊపిరి తీసుకుంటుంది, కొంచెం వంగుతుంది, ఆ మాత్రం వంపుని మనం భరించాలి. పాత ఫోటో అద్దంలా తిన్నగా ఉండాలని పట్టుబట్టింది మనమే.

గోడ మీదికెక్కాక

ఇక మిగిలినవి గబగబా. 30×40కి నాలుగు మిల్లీమీటర్ల అద్దం వేస్తే అద్దం ఒక్కటే ఏడున్నర కిలోలు దాటుతుంది, మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ అయితే మూడు కిలోలు కూడా ఉండదు. మంచం పైన, ఉయ్యాల పైన వేలాడే ఫోటోకి అక్రిలిక్ తప్ప వేరే ఆలోచన వద్దు. అక్రిలిక్‌ని అద్దాలు తుడిచే స్ప్రేతో తుడవకండి, వాటిలో ఉండే అమ్మోనియా, ఆల్కహాల్ దాన్ని మసకబారుస్తాయి, తడి మెత్తటి గుడ్డ చాలు. ఎండకి అక్రిలిక్ సాగుతుంది కూడా, మీటరు షీటు 20 డిగ్రీల తేడాకి దాదాపు మిల్లీమీటరున్నర, కాబట్టి ఫ్రేము గాడిలో కాస్త ఖాళీ వదలమని చెప్పాలి. ప్రింటు ఇంక్‌జెట్ అయితే వేసిన రోజే ఫ్రేములో బంధించకండి, సిరా ఆవిర్లు అద్దం లోపలి వైపు పొగమంచులా పట్టుకుంటాయి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి.

గోడకీ ఫ్రేముకీ మధ్య కూడా సందు కావాలి. వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బుడిపెలో కార్కు ముక్కలో అంటిస్తే సరి. మన పాత ఇళ్ళల్లో గుమ్మాల పైన ఫోటోలు వరసగా, కింది అంచు బద్ద మీద ఆన్చి, పైన తాడుతో ముందుకి వాల్చి కట్టేవాళ్ళు గుర్తుందా? వెనక పిచ్చుకలు గూళ్ళు కట్టేవి, ఫోటోల వెనక నుంచి గడ్డిపరకలు రాలుతుంటే నానమ్మలు తిట్టుకునేవాళ్ళు. ఆ వాలు వల్ల గోడ తేమ ఫోటోకి తగిలేది కాదు, ఎదుటి కిటికీ వెలుగు అద్దంలో పడి కంట్లో కొట్టేది కాదు, దుమ్ము కూడా తక్కువ. ఇప్పుడు ఫోటో గోడకి అతుక్కుని ఉండకపోతే ఇంటీరియర్ డిజైనర్లు ఒప్పుకోవడం లేదు. గ్లాసీకి మాత్రం ఆ పాత వాలు కంటే మంచి మందు నేను చూడలేదు, పిచ్చుకల బెడద ఎలాగూ లేదిప్పుడు.

"ఇంత గొడవెందుకు, మ్యాటో లస్టరో (మెరుపు తక్కువ కాగితం) వేయించుకుంటే పోలా?" అని ల్యాబ్‌వాళ్ళే అంటారు. వాళ్ళు అనేదాంట్లో పాయింట్ ఉంది, కొంత స్వార్థమూ ఉంది, లస్టర్ మీద అంటించడంలో వచ్చిన తప్పులు కనపడవు కదా. మీ హాల్లో ఫోటోకి ఉన్న ఒకే ఒక్క గోడ కిటికీకి ఎదురుగా ఉంటే లస్టరే వేయించుకోండి, వాదించను. కానీ రాత్రిపూట తీసినవి, నల్లటి వెనకతలం ఉన్నవి, పట్టుచీర జరీ ఉన్నవి గ్లాసీలో చూశాక లస్టర్‌లో చూస్తే నాకు మాత్రం పలకరించి మొహం తిప్పుకున్నట్టు ఉంటుంది. అలాంటివాటికి గ్లాసీ వేయించండి, ఏసీపీ మీద అంటించమనండి, ముందు అద్దం వేస్తే మధ్యలో బద్ద పెట్టమనండి. బద్దకి ఎంతవుతుందో ముందే అడిగి, ఫ్రేము డిజైన్‌లో ఒక మెట్టు దిగైనా సరే దానికి డబ్బులివ్వండి. ఫైలుని మాత్రం ఫోటోగ్రాఫర్ దగ్గరే వదిలెయ్యకుండా ఫుల్ సైజులో తెచ్చుకోండి. వాట్సాప్‌లో పంపించింది పనికిరాదు, అది 30×40కి సాగదీస్తే మొహాలు మైనపు బొమ్మల్లా వస్తాయి.